అతుకు మీద సంతకం

భోగాపురం తీరంలోని ఆ ఫైబర్ బోట్ల యార్డులో ఏ బోటు నీళ్లలో దిగాలన్నా జ్ఞానసుందరి సంతకం పడాల్సిందే. అతుకులు పరీక్షించడమే ఆమె ఉద్యోగం. ఈ పొద్దు మాత్రం, రేపు దిగాల్సిన కొత్త బోటుకి ఎవరు తలకిందులుగా తపస్సు చేసినా పెట్టనని భీష్మించుకు కూర్చుంది.

మేనేజరు మోహనకృష్ణ మండిపడ్డాడు. "నువ్వు ల్యాబులో అతికిన ముక్కలు ఉప్పునీళ్లలో మూడు నెలలున్నా ఊడలేదు కదా! ఇంకేటి నీ బాధ?"

"అవి నేను శుభ్రంగా తుడిచి అతికినవి సార్. బోటుకి అతికేముందు ఏటి సేస్తన్నారో సూశారా?"

ఏం చేస్తారు! మంచి జరగాలని అతుకు పెట్టే చోట కొబ్బరినూనెలో కలిపిన పసుపు పులుముతారు. పైపైన ఓ గుడ్డతో తుడిచి జిగురు రాసేస్తారు. నూనె మీద జిగురు పట్టి చస్తుందా? ఒడ్డున ఉన్నన్నాళ్లూ పట్టినట్టే ఉంటుంది. అందుకే జ్ఞానసుందరి అచ్చం అలాగే పసుపు పూసి కొన్ని ముక్కలు అతికింది. వాటికి బరువు కట్టి, అలలు కొట్టే రేవు గుంజకు వేలాడదీసింది. పందొమ్మిదో రోజుకి సగం ఊడి సముద్రంలో కలిశాయి. ఆ లెక్కన బోటు నెల తిరక్కుండా నడిసంద్రంలో విచ్చుకుంటుంది.

"సర్చికెళ్లేదానివి, మా పసుపు మీద పడ్డావేటి?" అన్నాడు మోహనకృష్ణ, నలుగురూ వినేలా.

ఆ మాట జ్ఞానసుందరికి ఎక్కడో గుచ్చుకుంది. అయినా తల దించలేదు.

"పసుపుని నేనేటీ అన్లేదు. అతుకు ఆరాక బోటంతా పూసుకోండి, కావాలంటే నేనే నూరిస్తాను. ఆరుగురు ఎక్కే బోటుకి అబద్ధం మాత్రం రాయను. ఉద్యోగం తీసేస్తారా? తీసెయ్యండి!"

బోటు యజమానురాలు తాతమ్మ అంతవరకూ ఇసకలో కూర్చుని వింటోంది. రేపు ఆ బోటులో వేటకెళ్లే ఆరుగురిలో ఇద్దరు ఆమె కొడుకులు. పసుపు పూసిందీ ఆమే.

"ఏదీ, ఆ ముక్క ఇలాగియ్యి," అంటూ లేచి వచ్చింది.

ఊడకుండా మిగిలితే జ్ఞానసుందరి రేవు నుంచి తెచ్చిన ముక్కల్లో ఒకటి అందుకుని లాగింది. రెండుగా ఊడొచ్చింది. లోపల పసుపు ఇంకా జిడ్డుగానే ఉంది.

"ఓలమ్మో! నా సేతుల్తోనే నా పిల్లల్ని ముంచీద్దును గదే!" అని గుండెలు బాదుకుంది.

"ఈవిడ కాకపోతే ఇంకొకరి సేత పెట్టిస్తాను. రేపు బోటు దిగాల్సిందే," అన్నాడు మోహనకృష్ణ సంతకం పడని కాగితం ఊపుతూ.

తాతమ్మ అతనికి అడ్డంగా నిలబడింది. "పిల్లలు నా పిల్లలు. ఎవుడు సంతకం ఎట్టినా దిగదు. సుందరీ, కోసియ్యే ఆ అతుకు! మళ్లీ ఎయ్యి."

జ్ఞానసుందరి మేనేజరు వంక చూడనైనా చూడలేదు. కోత మిషను అందుకుని, తళతళలాడే కొత్త బోటు అడుగున అతుకు మీద బ్లేడు ఆనించింది.