కరెంటు పోయాకే తెరిచే దుకాణం

వరద తగ్గిన వారానికి కామారెడ్డి వీధుల్లో మైకు కట్టిన రిక్షా తిరిగింది. సబ్‌స్టేషన్లో నీళ్లు చేరి ట్రాన్స్‌ఫార్మర్ పాడైందని, కొత్తది వచ్చేదాకా వాడలకు వంతులేసి కరెంటు తీస్తారని అందులో మనిషి గొంతు చించుకుని చెప్పాడు. సత్యమ్మ ఉండే వాడకు ఒక వారం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కోత. మరుసటి వారం తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు దాకా. ఆ పై వారం మళ్లీ సాయంత్రం.

అందరూ గంటలు గుర్తుపెట్టుకుంటే సత్యమ్మ గండాలు గుర్తుపెట్టుకుంది. చీకట్లో తేలు పాకితే? బురదలో పడి ఉన్న తీగలోకి వేళ కాని వేళ కరెంటు వస్తే? ఆరేళ్ల కూతురు గంగమణి బుడ్డిదీపం మీద పడితే? "నీ నోట్లెకెంచి ఒక్క మంచి మాట రాదేందే," అని భర్త భూమయ్య నవ్వేవాడు.

నిజానికి ఈసారి భయం కంటే రోత ఎక్కువైంది ఆమెకు. గోడకు నడుం ఎత్తున వరద గీత మిగిలిపోయింది. దాని కింద సున్నం పొక్కులు లేచి, ఎంత కడిగినా కుళ్లిన చెరువు వాసన. మురుగు పారే మోరీలో చచ్చిన పందిపిల్లను ఎవరూ తీయలేదు. పక్కింటివాళ్లు తమ వాకిట్లో బురద ఊడ్చి ఈమె వాకిట్లోకి తోశారు, ఈమె కళ్లముందే, పైగా "ఏం జేస్తున్నవ్ సత్తెమ్మా" అని పలకరిస్తూ. వరద నీళ్లు పోయాయి గానీ అవి పైకి తేల్చిన మురికి మనుషుల్లో ఇంకా పోలేదని ఆమెకు అనిపించేది.

భూమయ్యది గ్యాసు లైట్ల కిరాయి పని. పెళ్లి ఊరేగింపుల్లో మనుషులు తల మీద చుట్టబట్ట పెట్టుకుని మోసే లైట్లు పదిహేను ఉన్నాయి అతని దగ్గర. కోతలు మొదలయ్యాక పెళ్లిళ్లతో పని లేకుండా పోయింది. చాయ్ హోటలు, మంగలి దుకాణం, బట్టల దుకాణం, మందుల దుకాణం, అందరికీ లైట్లు కావాలి. బజారంతా ఆ మూడు గంటలూ బుస్సుమనే చప్పుడుతో తెల్లగా వెలిగేది. రేషను బియ్యం ఇచ్చే కంట్రోలు దుకాణంలో తప్ప. అక్కడ తంబాకు నమిలే లావుపాటి డీలరు పర్శరాములు సేటు ముందు మసి పట్టిన చిమ్నీతో ఒక చిన్న దీపం ఉండేది. దాని వెలుగులో సేటు మొఖమే కనిపించేది కాదు, ఇక గింజ ఏం కనిపిస్తుంది?

మొదటి వారం సత్యమ్మ ఆ చీకట్లోనే కార్డు చూపించి బియ్యం తెచ్చుకుంది. తెల్లారి సంచి విప్పితే ఉండలు కట్టిన పసుప్పచ్చ గింజలు, బూజు, తడి కుక్క కంపు. ఏడుసార్లు కడిగింది. ఏడోసారి కూడా నీళ్లు మురికిగానే వచ్చాయి. ఇంట్లో ఇంకేమీ లేక అవే వండింది. గంగమణి రెండు రోజులు కక్కింది. కళ్లు లోపలికి పోయి, పెదవులు ఎండిపోయి, పాప తన ఒళ్లో వేలాడిపోతుంటే సత్యమ్మ ఊరిలో ఉన్న దేవుళ్లందరికీ మొక్కింది. బిడ్డ తేరుకుంది గానీ డాక్టరు గట్టిగా చెప్పాడు: పేగులు పచ్చిగా ఉన్నాయి, మెత్తని అన్నం, మంచి బియ్యంతోనే పెట్టాలి, మళ్లీ తిరగబెడితే నా చేతుల్లో ఉండదు.

మిగిలిన బియ్యం పట్టుకుని ఆమె సేటు ఇంటికే పోయింది.

"తీస్కున్నప్పుడు కండ్లెక్కడ పెట్టుకున్నవ్?" అన్నాడు సేటు, పళ్లు తోముకుంటూ. "మీ ఇండ్లన్నీ నానినయ్. మీ ఇంట్లనే పాడైంది. కాంటా దాటినంక నాది కాదు."

రెండో వారం కోత తెల్లవారుజాముకు మారింది. కంట్రోలు దుకాణం కూడా తెల్లవారుజాముకు మారింది. అయిదింటికే తలుపు తెరిచి, వెలుగు రాకముందే మూసేవాడు. సత్యమ్మకు అప్పుడు తట్టింది.

"ఆయన కావాల్ననే చీకట్ల అమ్ముతున్నడు," అంది భర్తతో. "మంగళారం పగటీలి లారీల తెల్లబస్తాలు దిగినయ్, నేను సూసిన. పొడి బియ్యం. అవ్వి లోపలర్రల వెట్టి తాళమేసిండు. ఎవ్వలికి అమ్ముకుంటడో?"

"నీకెందుకే? నీకు అన్నిట్ల అనుమానమే," అన్నాడు భూమయ్య లైటుకు గాలి కొడుతూ. "సేటు లేకుంటే నాకు గ్యాస్‌నూనె ఎవ్వలిస్తరు? ఊరంతా నూనె దొరక్క సస్తుంటే అడగకముందే పీపా ఇచ్చిండు."

ఆ కిరసనాయిలు పీపా తలుపు వెనకే ఉంది. సత్యమ్మ దానివైపు చూసింది.

అంతలో ఎల్లారెడ్డిలో తమ్ముడు పోచయ్య ఇంటి గోడ కూలిందని కబురొచ్చింది. బిడ్డను వరద దాకా పొరుగింట్లో ఉన్న ముసలి ఖాజాబీ దగ్గర వదిలి, దారి పొడుగునా బస్సు కింద ఏ వంతెన కూలుతుందోనని ముందు సీటు కడ్డీ పట్టుకుని పోయింది. పోచయ్య అక్కడ బస్తాలు మోసే హమాలీ. గోడకు ఏమంత కాలేదు. అక్కను బజారు దాకా తోడు తీసుకొస్తూ ఒక వ్యాపారి గోదాము ముందు ఆగాడు. బయట బస్తాల కుప్ప, దాని మీద ఆవిరి లేస్తోంది. ప్రతి బస్తాకూ సగానికి నల్లగా బురద గీత, ఆమె ఇంటి గోడకున్నట్టే. సత్యమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"నీళ్లల్ల నాలుగొద్దులు నానినయక్కా," అన్నాడు పోచయ్య. "మేం మోస్తుంటే పురుగులు మెడల మీద రాలినయ్. ఎత్తనని ఒకడు పారిపోయిండు. కోళ్ల దాణాకని మీ కామారెడ్డి మనిషే కొన్నడు. రెండు లారీలు వోయినయ్."

"మనిషెవ్వలు?"

"పేరు తెల్వది. ముక్కుకు తువ్వాల కట్టుకుని నిలవడ్డడు. లావుగుంటడు, తంబాకు నములుతడు."

ఆ వాసన ఆమెకు తెలుసు. తన వంటింట్లో ఏడుసార్లు కడిగిన వాసన అది. తిరుగు బస్సులో ఆమె వంతెనల గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మూడో వారం కోత మళ్లీ సాయంత్రానికి వచ్చింది. ఇంట్లో బిడ్డకు పెట్టడానికి రెండు పూటల నూకలే మిగిలాయి. ఆరున్నరకు భూమయ్య చాయ్ హోటలుకు లైట్లు ఇవ్వడానికి పోయాక, సత్యమ్మ మూలనున్న లైటు దించింది. నూనె నింపింది. గాలి కొట్టింది. లోపలి మాంటిల్ వల అంటుకునేటప్పుడు పేలుతుందేమోనని మొఖం అవతలికి తిప్పుకుని అగ్గిపుల్ల గీసింది. తల మీద చుట్టబట్ట పెట్టి లైటు ఎత్తుకుని, సంచి చంకన పెట్టుకుని బయలుదేరింది.

కంట్రోలు దుకాణం ముందు లైను మూల మలుపు దాకా ఉంది. అంత వెలుగు ఒక్కసారి మీద పడేసరికి అందరూ కళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"ఏం సత్తెమ్మా, పెండ్లి ఎవ్వలది? పెండ్లికొడుకేడి?" అని ఎవరో అరిచారు.

"లోపలున్నడు. కాంటా కాడ కూసున్నడు."

లైను నవ్వింది. సత్యమ్మ నవ్వలేదు. నేరుగా గడప ఎక్కి లైటు దించి కాంటా పక్కన స్టూలు మీద పెట్టింది.

పర్శరాములు సేటు ముక్కుకు అత్తరు పూసిన తువ్వాల కట్టుకుని ఉన్నాడు. తాను పీల్చలేనిది ఇంకొకరి బిడ్డల నోట్లో పోస్తున్నాడు. అతని పక్కన నోరు తెరిచిన బస్తాలు రెండు. సగానికి నల్ల గీత. లోపల బియ్యం పచ్చగా ఉండలు కట్టి, ఉండల మధ్య సాలెగూడులాంటి బూజు, దానిలో తెల్లటి పురుగులు. వెలుగుకు అవి లోపలికి దూరిపోతుంటే బియ్యమే కదిలినట్టుంది. లైను ముందున్నవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. ఒకామె గోడ పక్కకు పోయి ఉమ్మింది.

"సూడుండ్రి," అంది సత్యమ్మ. "ఎల్లారెడ్డిల నీళ్లల్ల నానిన బస్తాలు. కోళ్ల దాణాకని కొన్నడు."

కాంటా ముందు నిలబడ్డది ఖాజాబీ. వరదలో ఇల్లు కూలిపోయి, నలుగురు మనవళ్లతో మసీదు వసారాలో ఉంటోంది. ఆమె సంచి మూతి అప్పటికే పట్టుకుని ఉంది. లైటు వైపు కాకుండా నేల వైపు చూస్తూ నెమ్మదిగా అంది:

"బేటీ, ఆ లైటు జర అటు తిప్పు. సూస్తే తినలేను."

సత్యమ్మ లైటు తిప్పలేదు. సేటు తువ్వాల కిందికి లాగి నవ్వాడు.

"ఇన్నవా? తినేటోళ్లకు లేని రోత నీకేందే? అసలు ఆ లైట్ల మండేది ఎవ్వలి నూనె? నీ మొగణ్ణి అడుగు పో. ఈ గల్లీల లైటు కిరాయికియ్యనని నా చేతిల చెయ్యేసినంకనే పీపా ఇచ్చిన."

తలుపు వెనక పీపా ఆమె కళ్లముందు నిలిచింది. గంగమణి కక్కుతున్న ఆ రెండు రోజులూ అది అక్కడే ఉంది. భూమయ్య దాన్ని దాటుకుంటూనే బిడ్డకు నీళ్లు తెచ్చాడు.

ఆమె లైటులో గాలి పోయేలా మర వదిలింది. బుస్సుమని వెలుగు పచ్చబడి, ఎర్రబడి, ఆరిపోయింది. లైను నిట్టూర్చింది. సేటు తువ్వాల పైకి లాక్కుని ఖాజాబీ సంచి అందుకున్నాడు. సత్యమ్మ చీకట్లో నిలబడి మాంటిల్ ఎరుపు పూర్తిగా చల్లారేదాకా చూసింది. అంత కోపంలోనూ నిప్పు భయం ఆమెను వదలలేదు. తర్వాత నూనె మూత తిప్పి, లైటును రెండు చేతులా ఎత్తి బస్తాల మీద వంచింది. గడగడమని చప్పుడు. ముందు ఒక బస్తాలో, తర్వాత రెండోదాంట్లో, ఆఖరి చుక్కలు కాంటా తట్టలో.

గ్యాస్‌నూనె వాసన గుప్పుమంది. సేటు కేక పెట్టాడు.

"తినే గింజ మీద నూనె పోస్తవా? పాపం తాకదా?" అని లైన్లోంచి ఎవరో తిట్టారు. ఖాజాబీ చతికిలబడింది. "నా పోరగాండ్ల నోట్ల మన్ను కొట్టినవ్ కదే!"

"మన్నే ఖాజాబీ. నువ్వు సంచిల పట్టేది మన్నే," అంది సత్యమ్మ. "ఇగ ఇవి చీకట్ల గూడ అమ్ముడువోవు. పోయిన మంగళారం దిగిన తెల్లబస్తాలు లోపలర్రల ఉన్నయ్. అవ్వి తియ్యమనుండ్రి."

వెనక నుంచి ఒక గొంతు, "తియ్ సేటూ." ఇంకో గొంతు. లైను గడప ఎక్కింది. నూనెకు అంటుకుంటుందని ఎవరో ఆ చిన్న దీపం ఊదేశారు. చీకట్లో అంతమంది ఊపిరి మీద పడేసరికి సేటు తాళంచెవుల కోసం మొల తడుముకున్నాడు. చీకటి అతనికి మొదటిసారి అచ్చిరాలేదు.

మొదటి సంచి ఖాజాబీకే పోసేలా చూసింది సత్యమ్మ. ఖాజాబీ గింజలు నోట్లో వేసుకుని నమిలి చూసుకుంది గానీ ఆమెతో మాట్లాడకుండానే పోయింది. సత్యమ్మ వంతు వచ్చినప్పుడు సేటు తూచిన బియ్యం విసిరినట్టు పోశాడు.

"బియ్యం తీస్కపో. నూనె మాత్రం నీ మొగణ్ణి ఏ బాయిల తోడుకుంటడో తోడుకోమను."

ఇంటికొచ్చి ఆమె మొదట పీపాను వాకిట్లోకి ఈడ్చింది. బూడిదతో, తర్వాత సబ్బుతో, తర్వాత చింతపండుతో చేతులు తోముకుంది. అన్నం మెత్తగా వండి, పిసికి, ముద్ద చేసి గంగమణి నోటి దగ్గర పెట్టింది. పాప మొఖం తిప్పుకుంది.

"అమ్మా, నీ చెయ్యి కంపు గొడ్తుంది. నేనే తింట."

తనే ముద్ద చేసుకుని తింది. ఒక్కో ముద్దా కడుపులోకి దిగుతుంటే సత్యమ్మ ఊపిరి బిగబట్టి చూసింది, ఎక్కడ కక్కుతుందోనని. బిడ్డ కక్కలేదు. పళ్లెం నాకి, అక్కడే ఒరిగి నిద్రపోయింది.

భూమయ్య వచ్చి తలుపు వెనక చూశాడు. వాకిట్లో పీపా చూశాడు. సంగతి దారిలోనే విన్నట్టుంది. పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

"అన్నం పెట్టవా?"

"చేతులు కడుక్కో."

"కడుక్కున్న."

"ఇంకోసారి కడుక్కో."

అతను ఆమె మొఖం చూసి, చెంబు తీసుకుని బయటికి పోయాడు. నీళ్లు పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. సత్యమ్మ గిన్నె మీద మూత తీయకుండా అలాగే కూర్చుంది.