పచ్చగుట్ట తూకం

చెయ్యేరు మీద కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయిన ఏడాది, ఆ బురద ఆరకముందే, ఏసేపు తమ్ముడు వసంతకుమార్ దొంగ అనిపించుకున్నాడు.

పల్లెలో నాలుగిళ్ల పత్తిని తను నడిపే మద్దిలేటి ట్రాక్టరులో ఎర్రగుంట్ల దారిలోని కాటాకు తోలుకుపోయాడు వసంతకుమార్. బండ్లకు బండ్లే ఎక్కించి తూచే కాటా అది. దాని యజమాని ఉమామహేశ్వరే పత్తి కూడా కొంటాడు. ఇంటి దగ్గర మూట మూటా తూచుకున్నదానికి అక్కడ రెండు క్వింటాళ్లు తగ్గింది. కంప్యూటరుకు అబద్ధం చెప్పాల్సిన పనేముంది, తోలినవాడే దారిలో ఎవరికో దించేశాడన్నారు. ఆదివారం చర్చి వదిలే వేళకు మద్దిలేటి చర్చి వాకిట్లో కాచుకుని, జనమంతా చూస్తుండగా వసంతకుమార్ జేబులోంచి ట్రాక్టరు తాళంచెవి తీసుకున్నాడు. ఆ తర్వాత ఆ మనిషిని స్టీరింగు పట్టనిచ్చినవాడు లేడు. చర్చిలో కూడా గడప దగ్గర కూర్చుని, ప్రార్థన ముగియకముందే లేచిపోయేవాడు.

ఏసేపు ఎవరితోనూ వాదించలేదు. అసలే మాట తక్కువ. మూడో తరగతి దాటని చదువు. నెల తిరక్కముందే పోయి ఆ కాటా దగ్గరే కాపలాకు చేరాడు.

"తమ్ముని పరువు తీసినోని కాడ చేరతావా, సిగ్గు లేదా నీకు?" అంది భార్య విశ్వాసమ్మ.

"ఉండాది. అందుకే పోతాండా."

కాటా గదిలో కంప్యూటరు ముసలిది. కింద పెట్టిన బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి కరెంటు పోతే అదీ ఆరిపోతుంది. మళ్లీ వెలిగించినప్పుడు నల్లటి తెర మీద రెండు వరుసలు వస్తాయి. కాటా చూసుకునే శివలీల మీట నొక్కితే కింది వరుస అందుకుంటుంది, ఏమీ నొక్కకుండా వదిలేస్తే కాసేపటికి దానంతటదే పై వరుసకు పోతుంది. పైదానితో వెలిగితే తెర నిండా పచ్చటి గుట్ట, దాని మీద మబ్బులు. కిందిదానితో వెలిగితే నీలం రంగు కిటికీ.

"ఒకదాంట్లో రెండెందుకమ్మా?" అని అడిగాడొకసారి, ఊడుస్తూ.

"పైది పాత విండోసు, కిందిది కొత్త విండోసు పెద్దాయనా. తూకం చూపేది రెండిట్లోనూ ఎక్కించినారు. ఆఫీసర్లు వస్తే కొత్తది ఎయ్ అంటాడు సారు. రైతుల బండ్లకు పాతది. ఎందుకో నేనడగలా. నువ్వూ అడగొద్దు."

అతను అడగలేదు. ఒకరోజు బండల లారీ కాటా మీద ఉండగానే కరెంటు పోయి వచ్చింది. శివలీల మీట నొక్కేలోపలే నీలం కిటికీ పోయి పచ్చగుట్ట తేలింది. లారీ అంగుళం కదల్లేదు, అంకె మాత్రం పడిపోయింది. ఖాళీ బండిని రెండూ ఒకటిగానే చూపుతాయి. నిండు బండి ఎక్కితేనే గుట్ట మింగుతుంది. తమ్ముడి పత్తి ఎక్కడికి పోయిందో ఏసేపుకు ఆ పూట తెలిసింది.

ఎవరికైనా చెబితే ఏమవుతుందో కూడా తెలిసింది. ఉమామహేశ్వర ఆ పాతదాన్ని గంటలో తుడిచేస్తాడు, తమ్ముడు దొంగగానే మిగిలిపోతాడు. కాపలావాడి నోటి నుంచి వస్తే లాభం లేదు. అది ఉమామహేశ్వర నోటి నుంచే రావాలి. మళ్లీ పత్తి చేతికొచ్చేదాకా ఆగాడు.

ఒక శనివారం ఉమామహేశ్వర తను కొన్న పత్తిని ఆదోని మిల్లుకు అమ్ముతున్నాడు. మిల్లు మనిషి వచ్చి గదిలో కూర్చున్నాడు. తన సరుకు కాబట్టి ఉమామహేశ్వర శివలీల చేత పొద్దున్నే కొత్తది వేయించాడు. పత్తి లారీ కాటా ఎక్కింది, తెర మీద అంకె వచ్చింది. బయట మద్దిలేటి, పల్లె రైతులు తమ ట్రాక్టర్లతో వరుసలో ఉన్నారు. ఆ పూటే రమ్మని వాళ్లకు కబురు పెట్టింది ఏసేపే.

"కిటికీ కాడికి రా మద్దిలేటన్నా, ఈడ నీడ ఉండాది," అని పిలిచి, లోపలికొచ్చి మెయిన్ స్విచ్చి దించాడు. ఫ్యాను ఆగింది.

"ఇప్పుడే పోవాల్నా ఈ కరెంటు?" విసుక్కున్నాడు ఉమామహేశ్వర.

కాసేపాగి ఏసేపు స్విచ్చి ఎత్తాడు. నల్లటి తెర మీద రెండు వరుసలు వచ్చాయి. శివలీల చెయ్యి చాచింది. ఆ చేతిలో టీ గ్లాసు పెట్టాడు.

"ముందు తాగమ్మా, చల్లారిపోతాది."

ఆమె గ్లాసు దించేలోపల పచ్చగుట్ట వచ్చేసింది. ముందటికన్నా తక్కువ అంకె తేలింది.

మిల్లు మనిషి ముందుకు వంగి చూశాడు. "ఏమప్పా, లారీ ఆడనే ఉండాది. పత్తి యాడికి పాయ? ఎండకు ఆరిపాయనా?" అని నవ్వాడు. "సరే, ఇదే రాసుకుంటా. నీ కాటానే కదా."

"ఆగప్పా, అది లెక్కలోది కాదు," అన్నాడు ఉమామహేశ్వర, తన పత్తి తన కళ్లముందే కరిగిపోతుంటే ఓర్చుకోలేక. "అది పాతది, దాంట్లో తక్కువ చూపిస్తాది. శివలీలా, ఆర్పి కింద దాన్ని ఎయ్."

మద్దిలేటి కిటికీ ఊచలకు మొహం ఆనించాడు. "తక్కువ చూపిస్తాదా? ఎవురికి?"

"మనకు," అన్నాడు ఏసేపు.

"పోయినేడు మా పత్తి ఏ దాంట్లో తూచినావు సామీ?" అని మద్దిలేటి ఉమామహేశ్వరను అడిగాడు.

శివలీల గ్లాసులోకి చూస్తూ, "పాతదాంట్లోనే," అంది.

రైతులు ట్రాక్టర్లు తిప్పి కాటాకు ముందూ వెనకా అడ్డం పెట్టారు. ఆ లారీ ఆ పూట కదల్లేదు. ఉమామహేశ్వర ఏసేపు వైపు తిరిగి, "స్విచ్చి నువ్వేనా ముసలోడా? అన్నం పెట్టినోని మీదనేనా?" అన్నాడు.

"మా తమ్మునికి నువ్వు పెట్టింది తింటాండావు. అరిగించుకో."

మరునాడు ఆదివారం. తెల్లారగానే ఏసేపు మద్దిలేటి వాకిట్లో నిలబడ్డాడు. మద్దిలేటి కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు. ఏసేపు ముట్టలేదు.

"తప్పయిపాయ ఏసేపూ. తాళంచెవి మనిషితో పంపిస్తాలే."

"నువ్వే తేవాల మద్దిలేటీ. యాడ తీసినావో ఆడికి." ఈసారి 'అన్నా' అని పిలవలేదు. మద్దిలేటి అది గమనించి, లేచి తాళంచెవి తీసుకున్నాడు.

ఏసేపు అతనికి చర్చి వాకిట్లో చెట్టు నీడ లేని చోటు చూపించి, జనం బయటికి వచ్చేదాకా అక్కడే ఉండమన్నాడు. లోపలికి పోయి గడప దగ్గరున్న తమ్ముడి చెయ్యి పట్టుకుని ముందు వరుసలో కూర్చోబెట్టాడు, లేవకుండా మణికట్టు వదల్లేదు. ఆఖరి పాట అయ్యింది. పాస్టరు పుస్తకం మూయబోతుంటే, ఏనాడూ చర్చిలో నోరు తెరవని ఏసేపు లేచాడు. తలుపులోంచి బయటికి చూశాడు. మద్దిలేటి ఎండలో తాళంచెవి పట్టుకుని చెమట తుడుచుకుంటున్నాడు.

"అయ్యా, ఇంకొక పాట పాడుదాం," అన్నాడు. "పెద్దది."