ముప్పై డిగ్రీల ఇల్లు

పొద్దున ఆరింటికి మొదలుపెట్టి మూడు గంటలకోసారి, రోజుకు ఆరుసార్లు పిచ్చుకకు జావ పట్టాలి. తొమ్మిదేళ్ల పిల్ల, పదకొండు కిలోలు. సెరిబ్రల్ పాల్సీ వల్ల మెడ నిలవదు. జావ కాస్త ఎక్కువైతే చాలు, పొట్టలోని పులుపు గొంతులోకి ఎగదన్ని ఒళ్లంతా విల్లులా వంగిపోతుంది.

"కొంచెం కొంచెంగా పట్టండి. తర్వాత అరగంట తలవైపు ఎత్తుగా ఉంచండి" అన్నాడు డాక్టరు.

ఆ రోజు నుంచి, ఆఖరి చెంచా కాగానే ఇల్లు, పిచ్చుక తల ఉండే కిటికీ వైపు, ముప్పై డిగ్రీలు లేచేది. అరగంటకు దిగేది. వచ్చినవాళ్లు గుమ్మం పట్టుకుని కబుర్లు సాగించేవారు. నాయనమ్మ గ్లాసు మాత్రం జారి వంటింట్లోకి పోయేది.

"ఒరేయ్ మేస్త్రీ! ఊరందరికీ నేల సమంగా పరుస్తావు, కన్నతల్లి కాఫీ నిలబెట్టలేవు!"

టైల్స్ పరిచే కొడుకు నవ్వుతూ గ్లాసు తెచ్చిచ్చేవాడు.

వానాకాలంలో జావ ఊపిరితిత్తుల్లోకి పోయి పిచ్చుకకు జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో తలకింద దిండ్లు పేర్చారు. పిల్ల జారిపోతూనే ఉంది. నేల లేవలేదు. తండ్రి నేల వాలు చూసే రసమట్టం పెట్టి చూశాడు. బుడగ సరిగ్గా మధ్యలో ఉంది.

నాలుగో రోజు పిచ్చుక పోయింది.

ఇల్లు మానలేదు. ఇరవై రెండు రోజుల్లో నూట ముప్పై రెండు సార్లు ఖాళీ మంచాన్ని ఎత్తింది. మర్నాడు మేస్త్రీ జాకీలు తెచ్చాడు.

"ఇంకా ఎవరి కోసం లేస్తోందే ఇది? బిగించి పడేస్తాను."

భార్య మంచం మీది దుప్పటి సర్దింది.

అప్పుడే పక్కవీధి కుట్టుపనావిడ కొడుకును భుజాన వేసుకుని వచ్చింది. వాడూ పిచ్చుకలాంటివాడే. మెడకింద గుడ్డ తడిసి ముద్దయింది.

"అక్కా, వారం నుంచి ఏదీ నిలవడం లేదు వీడికి. సగమైపోయాడు. అడగకూడదు గానీ... పన్నెండు కావస్తోంది."

మేస్త్రీ చేతిలోని జాకీ వైపు చూశాడు. దాన్ని గుమ్మం బయట పెట్టి, పిల్లాణ్ని అందుకుని పిచ్చుక మంచం మీద పడుకోబెట్టాడు. దుప్పటి ఇంకా ఎవరూ మార్చలేదు.

పిచ్చుక తల్లి వాడికి పొడిగుడ్డ కట్టి, జావ చెంచా చెంచాగా పట్టింది. ఇల్లు లేచింది. గ్లాసు జారిపోయింది. నాయనమ్మ దాన్ని పోనిచ్చింది.

అరగంటకు ఇల్లు దిగింది. పిచ్చుక తల్లి వాడి గుడ్డ తడిమింది. పొడిగా ఉంది. మళ్లీ తడిమింది.

"మూడింటికి తీసుకురా" అని గిన్నె కడగడానికి లోపలికి వెళ్లి, చాలాసేపు బయటికి రాలేదు.