నల్లదిన్నె టికెట్లు

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. మా నల్లదిన్నె రైల్వేస్టేషనుకు ఆ సామెత సరిగ్గా సరిపోతుంది. రైలు నడిచినన్నాళ్లు దాన్ని మెచ్చుకున్నవాడు లేడు. లైను మూతపడిన పద్నాలుగేళ్లకు, తెల్లదొరల కాలం నాటి కట్టడమని సున్నం కొట్టించి, లోపల మ్యూజియం పెడతామనేసరికి ఊరంతా పొంగిపోయింది. నేనూ పొంగినాను. నా పేరు మాబాషా, దర్జీని. ఊళ్లో నా చేతిరాతకు పేరుంది కాబట్టి, వస్తువుల పక్కన పెట్టే చీటీలు రాయమని నన్నే పిలిచినారు.

పిలిచింది ఆరాధన అనే అమ్మాయి. మ్యూజియం పనంతా ఆమెదే. గంట దొరికింది, లాంతరు దొరికింది, పచ్చజెండా దొరికింది. ఒక గాజుపెట్టె మాత్రం ఖాళీగా మిగిలింది.

"పాత అట్ట టికెట్లు కావాలండీ. ఇంత ఊళ్లో ఒక్కరి దగ్గరన్నా ఉంటాయి కదా," అంది.

ప్లాట్‌ఫారం మీద ఇరవైమందిమి ఉన్నాం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది అందరికీ.

"ఎలుకలు కొట్టేసింటాయి మేడం," అన్నాడు పరమేష్.

"దిగినచోట ఇచ్చేస్తాం కదా, మా కాడ యాడుంటాయి?" అన్నాడు కంబన్న.

ఇద్దరూ అబద్ధాలకోర్లే. అసలు సంగతి నేను చెప్తాను. మా ఊళ్లో టికెట్టు కొన్నవాడే లేడు.

మాది హాల్టు. స్టేషను మాస్టరుండడు. ఊరి మనిషే ఒకడు టికెట్లు అమ్ముతాడు, అమ్మినదాని మీద వచ్చే కమీషనే అతని కూలి. ఆ మనిషి నాగన్న. మన నాగన్నే కదా అని అందరం అతని కిటికీ ముందు నుంచే పోయి బండెక్కేవాళ్లం. "రేపు తీసుకుంటాలే నాగన్నా" అనేవాళ్లం. ఆ రేపు ఎన్నడూ రాలేదు. పదకొండేళ్లు గుడ్డల మూటలతో నంద్యాలకు పోయొచ్చిన నేను ఒక్క టికెట్టు కొనలేదు. ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు లేదు.

ఒక రంజాన్ నెలలో నాగన్న కిటికీ వదిలి బయటికొచ్చి నా ముందు నిలబడినాడు.

"మాబాషా, నువ్వన్నా ఒక టికెట్టు తీసుకోప్పా. టికెట్లు శానా తగ్గినాయి, హాల్టు ఎత్తేస్తామంటాండారు."

పదిమందిలో అడిగినాడని నాకు ఒళ్లు మండింది. "బండి నిండా జనముంటే టికెట్లెట్లా తగ్గుతాయి? నువ్వు తింటాండావేమో," అన్నాను. అందరూ నవ్వినారు. నాగన్న తల వంచుకొని లోపలికి పోయినాడు.

అంతటితో ఊరుకున్నానా? ఆ వారమే పైవాళ్లకు ఆకాశరామన్న ఉత్తరం రాసినాను. నాగన్న డబ్బులు తీసుకొని టికెట్లు ఇవ్వడంలేదని. ఆఫీసరొచ్చి ఊరిని విచారించినాడు. మేం కొనేవాళ్లం కాదని ఒక్కరూ నోరు విప్పలేదు. తిలా పాపం తలా పిడికెడు. నాగన్నను తీసేసినారు. ఆ పనికి ఇంకొకరు రాలేదు. మూడు నెలలకు హాల్టు, ఏడాదికి లైను మూతపడినాయి. నాగన్న నాపరాళ్ల గనిలో కూలికి పోయి, ఆరేళ్ల కిందట కాలం చేసినాడు. దొంగ అన్న పేరు మాత్రం ఊళ్లో మిగిలింది.

ఆరాధన టికెట్లు అడిగిన మూడోనాడు నాగన్న భార్య సుంకులమ్మ రేకుపెట్టె ఒకటి చంకన పెట్టుకొని స్టేషనుకొచ్చింది. మూత తీసింది. నిండా టికెట్లు. నెలకో కట్ట, నూలుదారంతో కట్టినవి. ఆరాధన ఒక్కో కట్టా తిప్పి చూసింది.

"అన్నీ పక్క స్టేషనుకే. తేదీ ముద్ర ఉంది కానీ ఒక్కదానికీ టీసీ కొట్టిన చిల్లు లేదు. వీటితో ఎవరూ రైలెక్కలేదా?"

"ఎవరెక్కుతారమ్మా. మా ఇంటాయప్పే కొన్యాడు. హాల్టు నిలబడల్లని దినామూ నాలుగో అయిదో కొంటాండె. నా రెండు మేకలూ వీటికే పోయినాయి. తిడితే, 'రైలు పోతే మళ్లీ రాదే' అంటాండె."

అన్నిటికంటే పైనున్న కట్ట ఆ రంజాన్ నెలది.

"మాబాషా గారూ, దీనికి చీటీ రాయండి," అంది ఆరాధన.

పెన్ను తీసినాను. "ఏం రాయమంటావు సుంకులక్కా?"

"అప్పుడు నన్ను అడిగి రాసినావా?" అంది ఆమె.

ఆమె గొంతు పెంచలేదు. "ఆఫీసరు ఆ ఉత్తరం చూపిస్తానే ఈయప్ప నీ రాత గుర్తుపట్న్యాడు. మా కూతురు భువన నోటుబుక్కుల మీద పేర్లు రాసిచ్చింది నువ్వే కదా."

"మరి నన్ను అడగలేదే?"

"అడగలేదు. ఆ తర్వాతొచ్చిన పండక్కి గూడా పిల్ల పావడా నీ కాడే కుట్టించమన్యాడు."

ఆ పావడా నాకు గుర్తుంది. ఎర్రది, జరీ అంచుది. కూలి గట్టిగా అడిగి తీసుకున్నాను.

చీటీ రాసినాను. ఆకాశరామన్న ఉత్తరం కింద పేరుండదు, దీని కింద పెట్టినాను. ఇచ్చేస్తే సుంకులమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ నా చేతికే ఇచ్చింది. ఆమెకు చదువు రాదు.

"గట్టిగా చదువు," అంది.

పరమేష్, కంబన్న, అందరూ ఆడనే ఉన్నారు. వాళ్లందరి ముందే చదివినాను.

"ఈ టికెట్లన్నీ నాగన్న తన సొంత డబ్బుతో కొన్నవి. ఆయన ఎవరి డబ్బూ తినలేదు. తిన్నాడని అబద్ధం రాసింది నేను. షేక్ మాబాషా, దర్జీ."