గోటి గీతంత బోరు

నేను ఒక భూగోళాన్ని. కంగారుపడకండి, మీరు నిలబడింది నా మీద కాదు. నేను పీచు తీయని కొబ్బరికాయంత ఉంటాను. ఏటికొప్పాకలో అంకుడు కర్రలోంచి పుట్టాను. కొత్తజొన్నవలస హైస్కూలు సైన్సు టీచరు కూర్మావతి నన్ను పట్టుబట్టి చేయించుకుంది.

నన్ను చేసిన సత్యలింగం అంతవరకూ బొంగరాలూ కుంకుమ భరిణెలూ చేసిన మనిషి. భూమిని చేయడం అదే మొదలు. అందుకే నేనూ భరిణెలాగే రెండు చిప్పలుగా తెరుచుకుంటాను. లోపలంతా ఎర్రగా ఉంటుంది. మధ్యలో మారేడుకాయంత పచ్చటి గోళం. దాన్నీ తెరిస్తే నిమ్మకాయంత తెల్లటి ఉండ.

పైపొర పలచగా ఉండాలని ఆమె చెబితే సత్యలింగం ఒప్పుకోలేదు. “బొటనవేలంత మందమైనా లేకపోతే జనం ఎలా నిలబడతారమ్మా?” అన్నాడు.

“పైన లక్క పూస్తారు కదా, అదే పైపొర. అంతకు మించి వద్దు” అంది కూర్మావతి. పాపం, ఆయనకు ఆ పూట అన్నం సయించలేదు. ధ్రువాల దగ్గర వెంట్రుకవాసి నొక్కమంటే, గచ్చు మీద పెట్టినా దొర్లనంతగా నొక్కేశాడు. పచ్చ గోళం ద్రవమని చెబితే తల పట్టుకున్నాడు. “రంగు వేసి వదిలేయండి, మిగతాది నేను నోటితో చెప్పుకుంటాను” అందామె. గట్టి కర్రనై ఉండి ద్రవంగా చలామణీ అవడం నాకు మొదట్లో సిగ్గనిపించేది. మనుషుల్లో ఇది మామూలేనని తర్వాత తెలిసింది.

మాఘమాసంలో ఒక సోమవారం బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. కూర్మావతి నన్ను తెరిచి, కాళ్ల కింద ఎంత వేడి ఉందో వివరంగా చెప్పింది. ముందు వరసలో కూర్చున్న ఎర్నమ్మ అనే ముసలావిడ ఆ ఎరుపును చూసి రెండు కాళ్లూ బల్ల మీదికి ఎత్తేసుకుంది.

బుధవారం పొద్దున్నే ఊరికి బోరు లారీ వచ్చింది. ఊళ్లో బావులన్నీ అప్పటికే అడుగంటాయి. మూడేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరిగితే దొరికిన బోరు. లారీ ఆగగానే గొట్టం దింపే చోట ఎర్నమ్మ పీట వేసుకుని కూర్చుంది.

“కింద నిప్పుందని టీచరమ్మే సూపించింది గదా! కన్నమెట్టేత్తే అది పైకి తన్నదేటి? ఊరంతా కాలిపోతే నీల్లెవులు తాగుతారు?” అంది.

ఆమె వెనక ఇంకో ముప్ఫైమంది ఆడవాళ్లు కూర్చున్నారు. లారీ మేస్త్రీ గడియారం చూసుకుంటున్నాడు. మధ్యాహ్నానికి అతను ఇంకో ఊరు వెళ్లాలి. సర్పంచి తవిటినాయుడు మనిషిని పంపి కూర్మావతిని పిలిపించాడు. ఆమె నన్ను చంకన పెట్టుకుని పరుగున వచ్చింది. భూమి స్వయంగా వచ్చిందని తవిటినాయుడు నాకు ముఖ్య అతిథి కుర్చీ వేయించాడు. టీచరు నిలబడే ఉంది.

అతను ఆమెను పక్కకు పిలిచాడు. “లోపల మన్నూ నీరూ తప్ప ఏటీ నేదని సెప్పీండమ్మా. ఒక్క మాట. పనైపోద్ది.”

ఆ ఒక్క అబద్ధానికి ఊరంతటికీ నీళ్లు వస్తాయి. కూర్మావతి నా వైపు చూసింది. నేనేం చెప్పగలను? ఆ విషయంలో నా నోరూ పెద్ద పవిత్రమైనది కాదు.

“చెప్పలేను నాయుడుగారూ” అంది చివరికి. “రేపు పరీక్షలో పిల్లల్ని ఏం రాయమంటారు?”

ఆమె నన్ను తీసుకుని ఎర్నమ్మ ఎదుట మట్టిలోనే చతికిలబడింది. “మామ్మా, నిప్పు మాట నిజమే. అయితే మంట కాదు, కాగిన రాయి. మీ గోటితో దీని మీద ఒక గీత గియ్యండి.”

ఎర్నమ్మ బొటనవేలి గోటితో గీసింది. నా లక్క పైపైన గీసుకుపోయింది. నాకు నొప్పి లేదు గానీ పరువు పోయింది.

“ఈ గీతంత లోతుకు దిగాలంటే, ఈ మూడొందల అడుగుల బోరు కింద అలాంటివే ఇంకో డెబ్బై వెయ్యాలి” అంది కూర్మావతి. “మన బోరు భూమికి గీరినట్టు కూడా కాదు.”

ఎర్నమ్మ నన్ను తెరిచి, పచ్చ గోళాన్నీ తెరిచి, తెల్ల ఉండను చేతిలోకి తీసుకుంది. “ఇదేటి?”

“నట్టనడుమ. అన్నిటికంటే వేడి అక్కడే. కానీ గట్టిగానే ఉంటుంది.”

“అంత వేడికీ కరగదేటి?”

“మీదున్న బరువంతా నొక్కేస్తుంది మామ్మా.”

“ఓలమ్మా, పెద్దకోడలన్నమాట!” అంది ఎర్నమ్మ. “అందరి బరువూ మీదపడితే కరగడానికి తీరికేదీ?” నలుగురు మరుదుల్ని పెంచిన మనిషి ఆవిడ. ఉండను ఎక్కడిదక్కడ పెట్టి, పీట తీసుకుని పక్కకు జరిగింది.

లారీ గర్జించింది. ముందు దుమ్ము వచ్చింది, తర్వాత బురద వచ్చింది. రెండొందల డెబ్బై అడుగుల దగ్గర నీళ్లు ఎగజిమ్మాయి. అందరూ కేకలు వేస్తూ చేతులు పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నారు. మాఘమాసపు చలిలో ఆ నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి.

ఊరు ఊరంతా కూర్మావతి వైపు తిరిగింది. తవిటినాయుడు నాలుగడుగులు వెనక్కి వేశాడు. బోరు నీళ్లకు చలికాలంలో అది సహజమనీ, నడిమి వేడికీ దానికీ సంబంధం లేదనీ చెప్పడానికి ఆమె నోరు తెరిచింది.

తెరిచిన నోటికి ఎర్నమ్మ ఇత్తడి గలాసు అందించింది.

“సెప్పడం తరవాత. ముందు తాగు.”

కూర్మావతి తాగింది. భూమి గురించి ఆ రోజు ఎవరికీ ఇంకేమీ చెప్పలేదు.