మసి పట్టిన గ్లాసు

నేను ఒక స్టీలు గ్లాసుని. ఎక్కడ పుట్టానో గుర్తులేదు గానీ, పాత్రల కొట్టులో మిషను నా ఒంటి మీద చుక్కలు చుక్కలుగా ‘సుభాషిణి’ అని పొడిచిన పోటు మాత్రం మరిచిపోలేదు. పుట్టింటివాళ్ళు నన్ను ఆమె పెళ్ళి సారెలో పెట్టారు. బడి మధ్యలోనే మాన్పించిన పిల్ల. ఆ ఇంట్లో ఆమె పేరు చెక్కి ఉన్నది నా మీదే. అందుకేనేమో, రోజూ బూడిదతో, కొబ్బరిపీచుతో తోమి ముఖం కనిపించేంత మెరిపించేది. మెరిస్తేనే మంచిదని నేనూ నమ్మాను.

కొన్నేళ్ళకి ఒక సాయంత్రం, సుభాషిణి ఇంట్లో లేనప్పుడు, ఆమె కూతురు హేమవల్లి నన్ను ఆముదం దీపం మీద తిప్పి ఒళ్ళంతా మసి పట్టించింది. మర్నాడు బడిలో ఎండ తీవ్రత కొలవాలట. నాలో నీళ్ళు పోసి ఎండలో పెట్టి, ఎంతసేపట్లో ఎంత వేడెక్కాయో చూసి లెక్క కడతారట.

తెల్లారి సుభాషిణి బడిసంచి పక్కనున్న నన్ను చూసి కంగారుపడిపోయింది. ఈ మసితో వెళితే పిల్లని ఏమంటారో, తల్లికి గిన్నె తోమడమైనా రాదంటారేమో. గబగబా తోమి, గుడ్డలో చుట్టి సంచిలో పెట్టేసింది.

బడి ఆవరణలో గుడ్డ విప్పగానే హేమవల్లి ముఖం పాలిపోయింది. మిగతా పిల్లల నల్ల గ్లాసుల్లో పెట్టిన థర్మామీటర్లలో పాదరసం చకచకా ఎక్కింది. నాలో కదిలీ కదలనట్టుంది. ఎండ అందరి మీదా ఒకటే కదా, మరి నేనేం తప్పు చేశాను?

“మీ గ్లాసుకి ఎండంటే లెక్కలేదేంటమ్మా?” అన్నారు సైన్సు మాస్టారు. పిల్లలు నవ్వారు.

“మసి పట్టించడం మరిచిపోయానండి,” అంది హేమవల్లి. నా మీద అమ్మ పేరు కనిపించకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. రేపు సరిగ్గా చేస్తేనే సైన్సు ప్రదర్శనకి పంపుతానన్నారు మాస్టారు.

ఇంటికొచ్చి, ఎందుకు తోమావని అమ్మని అడిగింది.

“నిన్నేమన్నా అంటారేమోనని తోమానే. నలుపే కావాలని నాకేం తెలుసు?” అంది సుభాషిణి.

నలుపు ఎండని తాగేస్తుందనీ, మెరుపు తిప్పికొడుతుందనీ పిల్ల చెప్పింది. ఆమె అర్థమైనట్టూ కానట్టూ చాలాసేపు నన్నే చూసింది. తర్వాత, పసిదానికి కాటుక పట్టినట్టే, దీపం మీద నన్ను నెమ్మదిగా తిప్పింది. తన పేరు దగ్గరకొచ్చేసరికి చెయ్యి కాస్త ఆగింది. ఆ తర్వాత అదీ నల్లబడింది.

మర్నాడు నాలో నీళ్ళు బాగా వేడెక్కాయి. హేమవల్లి ప్రదర్శనకి వెళ్ళొచ్చింది.

ఇన్నేళ్ళ మెరుపు మంచిదో, ఈ నలుపు మంచిదో నాకింకా తేలలేదు. మొన్న అత్తగారు అంట్లతోపాటు నన్నూ తోమబోతే సుభాషిణి ఆవిడ చేతిలోంచి నన్ను తీసేసుకుంది.

“దాన్నొదిలెయ్యండత్తయ్యా. అది బడికెళ్ళే గ్లాసు.”