అమ్మ ముఖం ఒప్పుకోని కెమెరా

అమ్మ వాళ్ల వీధిలోని ఇళ్ల హక్కులు బ్లాక్‌చెయిన్ అనే కంప్యూటర్ రికార్డులోకి ఎక్కించడానికి ఆ రోజే ఆఖరు. ఇంటి మనిషి వెళ్లి ఏఐ కెమెరా ముందు కూర్చోవాలి. అది పాత ఫొటోతో పోల్చి సరేనంటేనే ఇల్లు ఆ మనిషి పేరున ఎక్కుతుంది. నాన్న పోయాక అమ్మకు మిగిలింది ఆ రెండు గదులే. బ్లాక్‌చెయిన్‌లో ఒకసారి ఎక్కింది ఎవరూ చెరపలేరట అని కూతురు చెప్పినప్పటి నుంచీ ఆవిడకు ముద్ద దిగడం లేదు. తప్పు ఎక్కితేనో?

"ముఖం కాస్త ప్రశాంతంగా పెట్టవే అమ్మా. ఉరితీయడానికి తీసుకెళ్తున్నట్టు చూడకు," అంది కూతురు, సేవా కేంద్రం మెట్లెక్కుతూ.

పొద్దుటి నుంచి అద్దం ముందు సాధన చేసిన ముఖాన్నే అమ్మ పెట్టుకుని కూర్చుంది. నుదుట ముడత లేదు, పెదవులపై చిరునవ్వు. తెర ఎర్రబడింది. సరిపోలలేదట.

ఆపరేటరమ్మాయి కళ్లజోడు తీయించింది. లైటు జరిపింది. మళ్లీ ఎరుపే. అమ్మ నవ్వు మాత్రం వదల్లేదు.

"నా ముఖం ఎవరైనా ఎత్తుకుపోయారేమోనే," అంది పళ్ల సందుల్లోంచి.

"ఎవరికి కావాలే అది," అంది కూతురు.

ఆపరేటరమ్మాయి పాత ఫొటో తెర మీద పెట్టింది. పైకెక్కిన కనుబొమలు, గుడ్లప్పగించిన చూపు, సగం తెరుచుకున్న నోరు.

"అది తీసిన రోజు నువ్వు కాలేజీ నుంచి ఇంకా ఇంటికి రాలేదు మరి," అని కూతురికి సంజాయిషీ ఇచ్చుకుంది అమ్మ.

"కౌంటరు మూసే వేళైందండీ. ఇప్పుడు కాకపోతే మీ ఇల్లు వివాదాల జాబితాలోకి పోతుంది," అంది ఆపరేటరమ్మాయి.

కూతురు ఫొటోను, అమ్మను మార్చి మార్చి చూసింది. తర్వాత వంగి అమ్మ చెవిలో మెల్లిగా అడిగింది.

"అమ్మా, స్టవ్ కట్టేశావా?"

చిరునవ్వు ఎగిరిపోయింది. కనుబొమలు పైకెక్కాయి. నోరు తెరుచుకుంది. తెర పచ్చబడింది.

"ఎక్కేసిందండీ," అని ఆపరేటరమ్మాయి ఊపిరి పీల్చుకుంది. "ఇల్లు మీదే. ఇక ఈ ముఖాన్ని ఎవరూ మార్చలేరు."

"మా ఆయన పెళ్లైన కొత్తలోనే ఆ మాట అన్నారు," అంటూనే అమ్మ చెప్పులు వెతుక్కుంటోంది. "స్టవ్ సంగతేంటే?"

"కంగారు పడకు. వచ్చేటప్పుడు నేనే కట్టేశాను."

"నువ్వా?"

అమ్మ ముఖం అచ్చం ఆ ఫొటోలా మారిపోయింది.

"అయితే పద, తొందరగా."